పదిహేను డాలర్ల లాభం: వెగాస్‌లో నా మొదటి పోకర్ టోర్నీ

2025 మే నెలాఖర్లో మా వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. "జూన్‌లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌కి వెళ్తున్నా. ఎంట్రీ 1,500 డాలర్లు, ఓడిపోతే ఇంకోసారి కట్టి ఆడొచ్చు కాబట్టి మొత్తం బడ్జెట్ 3,000. గెలిచిందాంట్లో పది శాతం వాటా 300. నలుగురికి ఇస్తా. రెండోసారి కట్టాల్సిన పని పడకపోతే తలా 150 వెనక్కి." పావుగంటలో నాలుగు వాటాలూ అయిపోయాయి. అందరూ తెలుగువాళ్ళే, డాలస్ చుట్టుపక్కలవాళ్ళే, ఫ్లష్ పెద్దదా స్ట్రెయిట్ పెద్దదా అంటే ఒక్కడికీ తెలియదు. అందులో ఒకడు మాత్రం "సరే, నువ్వు గెలిచి మాకు చెప్పకపోతే?" అని అడిగాడు. అందరూ నవ్వే ఎమోజీలు పెట్టారు. వెళ్ళొచ్చాక తెలిసింది, ఆ లోకంలో పెద్ద పెద్దవాళ్ళు భయపడేది కూడా సరిగ్గా దానికే.

వాటాలు అమ్ముకోమని సలహా ఇచ్చింది అన్న. పేరు రాయను, ఆయనకి నచ్చదు. గుంటూరు వైపు మనిషి, ఒకప్పుడు నాలాగే టెస్టింగ్ ఉద్యోగం చేసేవాడు, ఆరేళ్ళ కిందట అది మానేసి పోకర్ మీదే బతుకుతున్నాడు. డాలస్‌లో ఒక కార్డ్ రూమ్‌లో పరిచయం. టెక్సాస్ కార్డ్ రూములు ఒక వింత వ్యవహారం. ఆడేవాళ్ళు గెలుచుకునేది తప్ప ఆట మీద ఇంకెవరూ లాభం తీసుకోకూడదని అక్కడి చట్టం, అందుకని పాట్‌లోంచి, అంటే బల్ల మధ్యలో పోగైన పందెం డబ్బులోంచి, ఇంత అని కోసుకోకుండా మెంబర్‌షిప్పు ఒకటి, కూర్చున్న గంటలకి కుర్చీ అద్దె ఒకటి వసూలు చేస్తారు. అలాంటి చోట ఒక శనివారం రాత్రి నేను ముక్కలు ఎత్తి చూసుకుని "ఛీ, మళ్ళీ జాకీనే" అని గొణిగాను. ఎదురుగా టోపీ పెట్టుకున్నాయన తల ఎత్తకుండానే "తమ్ముడూ, ఈ టేబుల్ మీద ఇంకొకరికి కూడా తెలుగొచ్చు" అన్నాడు. ఆ హ్యాండ్, అంటే ఆ దఫా ముక్కలు, అక్కడే పడేశాను.

ఆట తెలియనివాళ్ళకి చిన్నగా చెప్తాను. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు, బల్ల మధ్యలో అయిదు ముక్కలు విడతలు విడతలుగా తెరుస్తారు, మొత్తం ఏడింట్లోంచి ఎవరి అయిదు ముక్కలు గొప్పవైతే పాట్ వాళ్ళది. విడత విడతకీ పందెం కట్టొచ్చు, పెంచొచ్చు, పడేయొచ్చు. మన మూడు ముక్కలాటలో ఉండే బ్లఫ్ ఇందులో ఉంది, రమ్మీలో ఉండే లెక్కా ఉంది. ఈ రెండింటి మధ్య మన దేశంలో గీత గీసిన కేసు సికింద్రాబాద్‌దే, చాలామందికి తెలియదు. క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ అని ఒకటుండేది, దాని మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడేది, మూడు ముక్కలాట మాత్రం వట్టి అదృష్టం అని 1967లో తేల్చారు. పోకర్ ఆ గీతకి ఎటువైపు అనే గొడవ తెగకుండానే 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ అసలు డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటమే కుదరదన్నాయి. మా అమ్మకి ఏ గీతా లేదు, ఆవిడ లెక్కలో అన్నీ పేకాటే. లాస్ వెగాస్ వెళ్తున్నానంటే "ఆఫీసు మీటింగా?" అంది. "అలాంటిదే" అన్నాను.

పోకర్ ప్రొఫెషనల్ అంటే నల్ల కళ్ళద్దాలు, టేబుల్ నిండా నోట్ల కట్టలు అనుకునేవాణ్ణి, అన్న ఇంటికి భోజనానికి వెళ్ళేదాకా. రెండు మానిటర్లు, ఒక పాత ఆఫీసు కుర్చీ, గోడకి రంగురంగుల గళ్ళున్న చార్టులు, ఏ సీట్లో కూర్చుంటే ఏ రెండు ముక్కలతో ఎంత శాతం సార్లు పెంచాలి అని. రోజూ రెండు మూడు గంటలు సాల్వర్ ముందు కూర్చుంటాడు, అంటే నీకీ పరిస్థితి వస్తే ఎంత పందెం కట్టాలో లెక్కగట్టి చూపించే సాఫ్ట్‌వేర్. నాకు అది చూడగానే ఎంసెట్ కోచింగ్ గుర్తొచ్చింది. తర్వాత ఎక్సెల్ షీట్ తెరిచి చూపించాడు. వెళ్ళిన తేదీ, కూర్చున్న గంటలు, గెలుపు, ఓటమి, ఆ రోజు నిద్ర ఎంత, చివరికి ఎవరి మీదైనా కోపంతో ఆడాడా లేదా అని కూడా ఒక కాలమ్. కోపంతో, బాధతో అదుపు తప్పి ఆడటాన్ని టిల్ట్ అంటారు, ఆ కాలమ్‌లో 'అవును' అని ఉన్న రోజులన్నీ ఎర్ర రంగు. మొత్తం మీద గంటకి 28 డాలర్లు పడుతోంది. నేను బయటికి ఏమీ అనలేదు కానీ మొహం చూసి ఆయనకి అర్థమైనట్టుంది, "మానేసిన ఉద్యోగంలో ఎక్కువే వచ్చేదిలే" అన్నాడు. హెల్త్ ఇన్సూరెన్స్ వదిన ఉద్యోగం మీద. ఇంటి లోన్ కూడా వదిన పేరు మీదే, ఎందుకంటే వృత్తి పోకర్ అని రాస్తే బ్యాంకువాళ్ళు ఆ కాగితాన్ని రెండోసారి చూడరట.

ఇలా కొంచెం కొంచెంగా, గంటలకి గంటలు కూర్చుని సంపాదించేవాణ్ణి వాళ్ళ భాషలో గ్రైండర్ అంటారు. మనకి గ్రైండర్ అంటే ఇడ్లీ పిండి. ఆలోచిస్తే రెండూ ఒకటే, రాయి తిరుగుతూనే ఉంటుంది, పొంగేది రాత్రికి, అదీ పొంగితే. నేను వెళ్ళొచ్చిన మరుసటి నెలలోనే వరల్డ్ సిరీస్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన, 10,000 డాలర్లు కట్టి ఆడే మెయిన్ ఈవెంట్‌లో 9,735 ఎంట్రీలని దాటి గెలిచిన మైకేల్ మిజ్రాకీని చాలా ఏళ్ళుగా అందరూ పిలిచే పేరు కూడా 'ది గ్రైండర్' అనే. మొదటి బహుమతి కోటి డాలర్లు. ఆ వార్త చూసి మా గ్రూపులో ఒకడు "మీ అన్నకి కూడా ఇలాగే రావొచ్చుగా" అన్నాడు. రావొచ్చు. 2003లో మనీమేకర్ అనే ఒక అకౌంటెంట్ (నిజంగా ఇంటిపేరే అది) ఆన్‌లైన్‌లో చిన్న టోర్నీ ఆడి సీటు సంపాదించుకుని, వెగాస్ వచ్చి 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు పట్టుకెళ్ళాడు. ఆ ఒక్క ఇంటిపేరు ఎన్ని ఉద్యోగాలు మాన్పించిందో అని అన్న విసుక్కుంటాడు. ఆయన్ని మాన్పించిన వాటిల్లో అదీ ఒకటి.

సరే, వెగాస్. జూన్ మధ్యలో దిగాను. బయట మన రెంటచింతల మే నెల, లోపల ఫ్రిజ్. స్వెట్టర్ తెచ్చుకోమని అన్న మూడుసార్లు చెప్పాడు, నేను తెచ్చుకోలేదు, గిఫ్ట్ షాపులో 70 డాలర్లు పెట్టి హుడీ కొన్నాను. పోకర్ వాళ్ళందరూ హుడీల్లో ఎందుకుంటారో అక్కడ తెలిసింది. మొహం దాచుకోవడానికి కాదు, చలి.

రిజిస్ట్రేషన్ గురించి మొదటిసారి వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని చెప్తున్నాను. యాప్‌లో ముందే వివరాలు ఇచ్చుకోవచ్చు, డబ్బు కూడా వేసుకోవచ్చు, కానీ మొదటిసారి మనిషే వెళ్ళి గుర్తింపు కార్డు చూపించాలి, దాంతో పాటు క్యాసినో వాళ్ళ రివార్డ్స్ కార్డు ఉండాలి. అది ఇంకో క్యూ. నేను ఆట మొదలయ్యే రోజు పొద్దున తాపీగా వెళ్ళాను, రెండు క్యూలూ కలిపి గంటన్నర పట్టింది, తప్పు నాదే, ముందు రోజు రాత్రి వెళ్తే పది నిమిషాల పని. చివరికి ఒక చీటీ చేతికొచ్చింది, దాని మీద టేబుల్ నంబర్, సీట్ నంబర్.

1970లో ఈ సిరీస్ మొదలైనప్పుడు డౌన్‌టౌన్‌లో బిన్యన్స్ హార్స్‌షూ అనే క్యాసినోలో కొద్దిమంది ఆడేవారు. 2005 నుంచి చాలా ఏళ్ళు రియో అనే ఇంకో క్యాసినోలో జరిగింది, 2022 నుంచి వెగాస్ పెద్ద వీధి స్ట్రిప్ మీద పక్కపక్కనే ఉన్న ప్యారిస్, హార్స్‌షూ (పేరొకటే, పాతది కాదు) క్యాసినోల్లో జరుగుతోంది. నాకు పడింది పెళ్ళి హాలు కన్నా నాలుగింతలున్న ఒక హాలు. తలుపు తియ్యగానే వినిపించేది మాటలు కాదు, చిప్స్, అంటే పందెం కట్టే బిళ్ళలు. ప్రతివాడూ చేతిలో రెండు దొంతరలు పట్టుకుని ఒకదాంట్లోకి ఒకటి దూరుస్తూ ఉంటాడు, ఊరికే, అలవాటుగా. వందల టేబుళ్ళ దగ్గర అందరూ ఒకేసారి అదే చేస్తుంటే రాత్రిపూట పొలంలో కీచురాళ్ళ మోతలా ఉంటుంది. మధ్యలో మసాజ్ చేసేవాళ్ళు దిండు ఒకటి భుజాన వేసుకుని తిరుగుతుంటారు, నిమిషాల లెక్కన డబ్బు. ఒకాయన మెడ పిసికించుకుంటూనే నా పక్కవాడి చిప్స్ అన్నీ లాగేసుకున్నాడు.

మొదట 25,000 చిప్స్ ఇస్తారు, వాటికి బయట పైసా విలువ లేదు, టోర్నీ లోపల మార్కులే. 40 నిమిషాలకోసారి తప్పనిసరి పందేలు, అంటే బ్లైండ్స్, పెరుగుతూ పోతాయి, ఊరికే కూర్చుంటే అవే నిన్ను తినేస్తాయి. నేను ఊరికే కూర్చోలేదు, అదే తప్పు. మూడు గంటలు గడవకముందే ఆసు, రాజు వచ్చాయి, ఉన్నవన్నీ తోసేశాను, అవతలివాడి దగ్గర రెండు పదులు, బల్ల మీద ఒక్క ఆసూ పడలేదు, రాజూ పడలేదు. లేచి నిలబడి చుట్టూ చూశాను, ఎవరైనా ఓదారుస్తారేమోనని. డీలర్ అప్పటికే తర్వాతి హ్యాండ్ పంచుతున్నాడు. "గుడ్ గేమ్" అని ఒకడు గోడకి చెప్పినట్టు చెప్పాడు. బయటికొచ్చి అన్నకి ఫోన్ చేసి "ఆసు రాజు అన్నా, అవతల రెండు పదులు..." అని మొదలెట్టాను. "ఆపు. ఏం తిన్నావు?" అన్నాడు. పోకర్ వాళ్ళ మర్యాదల్లో మొదటిది ఇది, నీ దురదృష్టం కథ ఎవరికీ చెప్పకూడదు. అందరి దగ్గరా అవే కథలుంటాయి, వినే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆయన కూడా ఆ రోజు వేరే టోర్నీలో పోయి ఖాళీగానే ఉన్నాడు. పక్కనున్న ఫుడ్ కోర్టులో కూర్చున్నాం. నేనప్పటికి అనుకుంటున్నది ఏమిటంటే, అన్నకి నాలో అయిదు శాతం ఇచ్చి, ఆయనలో అయిదు శాతం నేను తీసుకోవాలని. అక్కడ ఇది మామూలే, హాల్లో ఎదురుపడిన ఇద్దరు ఆటగాళ్ళు మూడు శాతం, అయిదు శాతం మార్చుకుని, ఫోన్లో ఒక మెసేజ్ కొట్టుకుని వెళ్ళిపోతారు, ఎవరికి తగిలినా ఇద్దరికీ కాస్త అందుతుంది. అడిగితే అన్న తల ఊపాడు. "నాలో ఇవ్వడానికి ఏం లేదు తమ్ముడూ. నేను గుర్రాన్ని."

హార్స్ అంటే వేరేవాళ్ళ డబ్బుతో ఆడేవాడు. డబ్బు పెట్టేవాణ్ణి బ్యాకర్ అంటారు, ఆయన దగ్గర ఇలాంటివాళ్ళు పదీ పదిహేను మంది ఉంటే దాన్ని స్టేబుల్ అంటారు, గుర్రాల సాల. ఒప్పందం ఇలా ఉంటుంది. ఎంట్రీ ఫీజులన్నీ బ్యాకరే కడతాడు. గెలిస్తే లాభం చెరి సగం. ఓడిపోతే ఆ నష్టం ఆటగాడి ఖాతాలో పేరుకుంటూ పోతుంది, దాని పేరు మేకప్. మేకప్ అంతా తీరాకే సగం వాటా సంగతి. అన్నకి ఆ రోజుకి మేకప్ 62,000 డాలర్లు. రెండేళ్ళుగా చిన్నవీ పెద్దవీ టోర్నీలు ఆడుతున్నాడు, మధ్యలో రెండుసార్లు పది పన్నెండు వేలు గెలిచాడు, మా గ్రూపులో కూడా కంగ్రాట్స్ చెప్పాం, కేక్ కట్ చేయించాం. ఆ రెండుసార్లూ ఆయన జేబులోకి ఒక్క డాలరూ రాలేదట. ఇంట్లోకి వచ్చేదల్లా డాలస్ కార్డ్ రూములో గంటకి 28 లెక్కన వచ్చేదే, అది మాత్రం సొంత డబ్బుతో ఆడతాడు.

నాకు వెంటనే మా బాబాయి గుర్తొచ్చాడు. దుగ్గిరాల దగ్గర కౌలుకి పసుపు వేస్తాడు. విత్తనానికీ, ఎరువులకీ, కూలీలకీ కమీషన్ వ్యాపారి దగ్గర పెట్టుబడి తెస్తాడు, పంట తీసుకెళ్ళి ఆ వ్యాపారి దగ్గరే వెయ్యాలి, వ్యాపారి ముందు తన ఖాతా కోసుకుని మిగిలితే చేతిలో పెడతాడు. ఒక ఏడు పంట పోతే వచ్చే ఏడు పంట దానికి, ఆ ఏడూ పోతే ఆ పై ఏడు. ఊళ్ళో చూసేవాడికి బాబాయి కళ్ళం నిండా పసుపే కనిపిస్తుంది. ఈ మాట అన్నకి చెప్తే చాలాసేపు స్ట్రా తిప్పుతూ కూర్చున్నాడు. "మీ బాబాయికి పంట పోతే ఊరంతా తెలుస్తుంది కదా. ఇక్కడ పోతే తెలియదు, వస్తేనే ఫొటో తీస్తారు" అన్నాడు.

అది నిజం. ఎవరెంత గెలిచారో రాసిపెట్టే హెండన్ మాబ్ అనే సైటుంది, ఏ ఆటగాడి పేరు కొట్టినా జీవితం మొత్తంలో టోర్నీల్లో గెలిచింది ఇన్ని లక్షల డాలర్లు అని వస్తుంది. అందులో కట్టిన ఎంట్రీ ఫీజులు ఉండవు. ఏడాదిలో రెండు లక్షలు గెలిచాడని చూపిస్తుంది, దానికోసం రెండున్నర లక్షలు కట్టాడన్నది ఎక్కడా కనపడదు. ఆ గెలిచిన దాంట్లో ఎవరెవరి వాటాలున్నాయో అసలే కనపడదు. పైగా పేరున్న ఆటగాళ్ళు వాటాలు అసలు ధర కన్నా ఎక్కువకి అమ్ముతారు, 10,000 డాలర్ల ఎంట్రీలో ఒక శాతం 100 కావాలి, 120కి అమ్ముతారు, నా ఆట బాగుంటుంది కాబట్టి అని. దీన్ని మార్కప్ అంటారు. నేను మా వాళ్ళకి అసలు ధరకే ఇచ్చానంటే అన్న నవ్వి "నీ ఆట నేను చూశాగా, నువ్వు డిస్కౌంట్ ఇవ్వాలి" అన్నాడు.

మధ్యాహ్నం మూడున్నరకి రెండోసారి కట్టి కూర్చున్నాను. ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని. ఎడమ పక్క సీటు అమెరికన్ పెద్దాయన, రిటైరై ప్రతి వేసవీ ఇక్కడికొచ్చి సరిగ్గా మూడు టోర్నీలు ఆడి వెళ్ళిపోతాడట, ఆ రోజంతా నాకు కనిపించిన మనుషుల్లో నిజంగా సంతోషంగా ఉన్నది ఈయనొక్కడే. కుడి పక్కన హెడ్‌ఫోన్స్ కుర్రాడు, గంటకొక మాట. ఎదురుగా ఒకాయన నా పేరు విని "హైదరాబాదా?" అన్నాడు. నేను "కాదండీ, గుంటూరు దగ్గర" అనేలోపే డీలర్ "ఇంగ్లిష్ ఓన్లీ ప్లీజ్" అంది. హ్యాండ్ నడుస్తున్నప్పుడు ఇంగ్లిష్ తప్ప ఇంకో భాష మాట్లాడకూడదు, ఇద్దరు కూడబలుక్కుని మూడోవాణ్ణి ముంచుతారని. డాలస్‌లో అన్న నన్ను పట్టుకున్నది గుర్తొచ్చి నవ్వొచ్చింది.

బ్రేక్‌లో బాత్రూమ్ క్యూలో నిలబడి మిగతా సంభాషణ తెలుగులో పూర్తి చేశాం. ఆయన హైదరాబాద్‌లో ఆన్‌లైన్ పోకర్ ఆడి సంపాదించేవాడు. 2017 తర్వాత ఇంట్లోంచి ఆడటం కుదరక బెంగళూరులో ఫ్లాట్ తీసుకున్నాడు, పెళ్ళాం పిల్లలు మియాపూర్‌లో, ఆయన అక్కడ. మాండోవి నదిలో తేలే క్యాసినోల కోసం నెలకోసారి గోవా. "పక్కింటివాళ్ళకి సాఫ్ట్‌వేర్ అని చెప్తామండీ, అబద్ధమేం కాదు, రోజంతా సాఫ్ట్‌వేర్ ముందేగా కూర్చునేది" అన్నాడు. రెండు నెలలకి, 2025 ఆగస్టులో, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ఆ వార్త చూసిన రోజు ఆయన ఫోన్ నంబర్ తీసుకోలేదే అనిపించింది.

రాత్రి పదకొండు దాటాక వచ్చింది అసలు టెన్షన్. కూర్చున్నవాళ్ళలో పదిహేను శాతానికి బహుమతి, ఆ గీత దాటడానికి ఇంకొక్కరే పోవాలంటే దాన్ని బబుల్ అంటారు. అప్పుడు హ్యాండ్ ఫర్ హ్యాండ్ పెడతారు, అంటే ప్రతి టేబులూ ఒక్క హ్యాండ్ ఆడి ఆగిపోవాలి, అన్ని టేబుళ్ళూ అయ్యాకే తర్వాతది. ఎక్కడైనా ఎవరైనా మొత్తం తోసేస్తే ముక్కలు తెరవకుండా ఆపి, కెమెరాలూ జనమూ అటు పరుగెత్తి వెళ్ళాక తెరుస్తారు. పగలంతా రాళ్ళల్లా కూర్చున్న మనుషులు కుర్చీలెక్కి చూస్తున్నారు, ఎవడో ఒకడు పోవాలని వందలమంది ఒకేసారి కోరుకోవడం నేను మొదటిసారి చూశాను, అందులో నేనూ ఒకణ్ణి. నా దగ్గర 41,000 ఉన్నాయి, పెద్ద బ్లైండ్ 6,000, అంటే ఏడు బ్లైండ్లకి కూడా చాలవు. సరిగ్గా అప్పుడు రెండు రాణులు వచ్చాయి. నాకన్నా ముందే ఒకతను మొత్తం తోసేశాడు. మామూలుగా అయితే కళ్ళు మూసుకుని పందెం కలపాల్సిన ముక్కలు. వాట్సాప్ గ్రూపు కళ్ళ ముందు కనిపించింది, నలుగురి మూడేసి వందలు. పడేశాను. అతను ఎవరూ పందెం కలపలేదని గర్వంగా ముక్కలు తిప్పి చూపించాడు, ఆసు, అయిదు. నేను హుడీ టోపీ కిందికి లాక్కున్నాను.

తర్వాత అన్నకి చెప్తే ఈసారి కథ ఆపలేదు, రెండుసార్లు అడిగి మరీ విన్నాడు, సీట్లు, చిప్స్, ఎవరెంత, అన్నీ. సాల్వర్‌లో పెట్టి చూసి "పడెయ్యకూడదు" అన్నాడు. ఒక నిమిషం ఆగి "నీ డబ్బైతే పడేసేవాడివి కాదు" అన్నాడు. నాకు ఇప్పటికీ అది పొగడ్తో తిట్టో తెలియదు.

ఇంకో రెండు హ్యాండ్లకి హాలు అవతలి మూల నుంచి పెద్ద అరుపు. బబుల్ పగిలింది. అందరూ చప్పట్లు, పెద్దాయన నాతో చెయ్యి కలిపాడు, హెడ్‌ఫోన్స్ కుర్రాడు కూడా నవ్వాడు. ఆ తర్వాత పది నిమిషాలు అక్కడ చూడాలి, నాలాంటి చిన్న దొంతరల వాళ్ళందరూ ఒకేసారి ఉన్నవన్నీ తోసేస్తుంటారు, సంతలో ఆఖరి బేరంలాగా. నేనూ ఆసు, ఏడుతో తోసి పోయాను. ఒక చీటీ రాసిచ్చి చెల్లింపుల కౌంటర్‌కి పంపారు. నాకు వచ్చింది 3,150 డాలర్లు. చెక్కా, నగదా అంటే నగదే అడిగాను, మొదటిసారి కదా, చేత్తో పట్టుకోవాలనిపించింది. అప్పట్లో ఎంట్రీ పోగా 5,000 దాటితే పన్ను కాగితం అక్కడే చేతికిచ్చేవారు, నాది దాటలేదు, అలాగని చూపించక్కర్లేదని కాదు, రిటర్నులో రాయాల్సిందే.

రాత్రి ఒంటిగంటకి హోటల్ మంచం మీద కూర్చుని లెక్క వేశాను. నలుగురి వాటా 40 శాతం, 1,260. తలా 315. వాళ్ళు పెట్టింది తలా 300. నాకు 1,890, నేను పెట్టింది 1,800. లాభం 90 డాలర్లు, హుడీ పోగా 20, విమానం, హోటలు సంగతి నన్నడక్కండి. అప్పటికప్పుడే నలుగురికీ పంపేశాను, చెల్లింపు చీటీ ఫొటోతో సహా. ఫొటో ఎందుకంటే అన్న చెప్పిన కథ. 2006లో జేమీ గోల్డ్ అనే అతను మెయిన్ ఈవెంట్ గెలిస్తే బహుమతి కోటి ఇరవై లక్షల డాలర్లు, అందులో సగం ఇస్తానని నాకు మాటిచ్చాడని ఒకాయన కోర్టుకెక్కాడు, నోటి మాట, ఫోన్లో వదిలిన వాయిస్ మెసేజే సాక్ష్యం. చివరికి కోర్టు బయట రాజీ చేసుకున్నారు. అప్పటినుంచీ ప్రాణ స్నేహితుల మధ్య కూడా శాతాలు రాసుకోవాల్సిందే అంటాడు అన్న. గ్రూపులో మొదటి జవాబు, ఆ రోజు ప్రశ్న అడిగినవాడి దగ్గర్నుంచే వచ్చింది. "పదిహేను డాలర్లకి రాత్రి ఒంటిగంటకి నిద్ర లేపావా?"

జూలైలో అన్న ఫోన్ చేసి పది నిమిషాలు అమెరికా ప్రభుత్వాన్ని తిట్టాడు. ఆ నెల మొదట్లో సంతకమైన పన్నుల చట్టం ప్రకారం 2026 నుంచి జూదంలో పోయిన దాంట్లో 90 శాతమే లెక్కలో చూపించుకోవచ్చు. అంటే ఏడాదిలో లక్ష గెలిచి లక్ష పోగొట్టుకుంటే చేతిలో సున్నా, కానీ పదివేల మీద పన్ను కట్టాలి. పదో వంతు లాభం కూడా లేని గ్రైండర్లు ఎంతమందో, వాళ్ళందరి సంగతేంటి అని. మళ్ళీ టెస్టింగ్ ఉద్యోగాలు ఎలా ఉన్నాయి అని మెల్లగా అడిగాడు. బాగోలేవని చెప్పాల్సి వచ్చింది.

అక్టోబర్లో ఆయన వేరే ఊళ్ళో ఒక టోర్నీలో మూడో స్థానంలో వచ్చాడు. 38,000 డాలర్లు. ఫొటో వచ్చింది, టోపీ పెట్టుకుని, ముందు చిప్స్ దొంతరలు, నవ్వు కొంచెం మొహమాటంగా. గ్రూపులో చప్పట్లు, బాణాసంచా, పార్టీ ఎప్పుడని ఒకటే గోల. వదిన అందరికీ పేరుపేరునా థాంక్స్ చెప్తోంది. నేను గ్రూపులో ఏమీ పెట్టకుండా విడిగా ఆయనకి మెసేజ్ చేశాను.

"ఇంకెంత?"

"24" అని వచ్చింది. కాసేపటికి ఇంకోటి. "మీ బాబాయి పసుపు ఎంతకి వేశాడు ఈసారి?"